వేళ్లా, వాచీయా, ఛాతీ బెల్టా? పొద్దుటి పల్స్ చూసుకోవడానికి ఎవరికి ఏది

మా ఇంటి దగ్గర డిగ్రీ కాలేజీ గ్రౌండుకి తెల్లవారుజామున ఐదింటికల్లా రెండు రకాల జనం వస్తారు. ఒకరు పోలీస్ కానిస్టేబుల్ ఈవెంట్స్‌కి ప్రాక్టీస్ చేసే పిల్లలు. అరిగిపోయిన బూట్లు, ఖాళీ చేతులు, 1600 మీటర్లు ఎంతలో కొట్టామన్నదే ధ్యాస. రెండోది మా బ్యాచ్. నలభై దాటిన ఉద్యోగస్తులం. ఆగస్టు చివర్లో జరిగే హైదరాబాద్ మారథాన్‌కి ఫీజు కట్టేసి, చేతికి ఖరీదైన వాచీ పెట్టుకుని, అది ఏం చెబితే అదే వేదం అనుకునేవాళ్లం. రెండు గుంపులకీ జబ్బు మాత్రం ఒకటే, శక్తికి మించి చేసేయడం. వాళ్లు నోటిఫికేషన్ టెన్షన్‌తో చేస్తారు, మేం వాట్సాప్ గ్రూపులో పక్కవాడి కిలోమీటర్లు చూసి చేస్తాం.

"అన్నా, కాళ్లు బరువుగా ఉన్నాయి, ఇవాళ స్పీడు కొట్టనా వద్దా?" అని ఎవరైనా వస్తే నేను ముందు అడిగేది పొద్దున లేవగానే పల్స్ ఎంతుందని. రెస్టింగ్ హార్ట్ రేట్ అంటే అదే. దాన్ని చూసుకోవడానికి ఇప్పుడు ఐదారు దారులున్నాయి, పైసా ఖర్చు లేని వేళ్ల దగ్గర్నుంచి వేలకు వేలు పోసే ఉంగరం దాకా. వీటిలో చాలావాటిని నేను వాడాను, కొన్నింటి మీద డబ్బు తగలేశాను. ఎవరికి ఏది సరిపోతుందో నాకు తేలినంత చెబుతాను. నేను డాక్టర్ని కాదు. ఎనిమిదేళ్లుగా పొద్దున్నే నోట్‌బుక్కులో అంకె రాసుకుంటున్న పరుగుల పిచ్చోణ్ణి, అంతే.

ముందు ఆ అంకె సంగతి

పెద్దవాళ్లకి ఊరికే కూర్చున్నప్పుడు నిమిషానికి 60 నుంచి 100 దాకా మామూలు అంటారు. ఏళ్ల తరబడి పరుగో సైక్లింగో చేసేవాళ్లకి 50లలో, ఒక్కోసారి 40లలో ఉంటుంది. 1991 నుంచి 1995 దాకా వరసగా ఐదుసార్లు టూర్ డి ఫ్రాన్స్ గెలిచిన స్పెయిన్ సైక్లిస్టు మిగెల్ ఇండురైన్‌కి 28 ఉండేదని చెప్పుకుంటారు. ఇది చదివి "నాది 62, నేనింక పనికిరాను" అనుకోవద్దు. ఇది పక్కవాడితో పోల్చుకునే అంకె కాదు. మీ ఇవాళ్టి అంకెకి మీ పోయిన వారంతోనే లెక్క.

గుండె మీద రెండు రకాల నరాల పెత్తనం ఉంటుంది. ఒకటి తొందరపెడుతుంది, ఇంకొకటి, వేగస్ నరం, కళ్లెం వేస్తుంది. కొన్ని నెలలు పద్ధతిగా పరిగెత్తితే ఒంట్లో రక్తం పరిమాణం పెరుగుతుంది, గుండె ఒక్కో దెబ్బకి ఎక్కువ రక్తం తోస్తుంది, అందుకని తక్కువ దెబ్బలతో పని గడిచిపోతుంది. అలా అంకె మెల్లగా దిగుతుంది. వరసగా నాలుగు రోజులు ఒళ్లు హూనం చేసుకుని, నిద్ర చాలక, నీళ్లు సరిగా తాగకపోతే ఆ తొందరపెట్టే నరం రాత్రంతా డ్యూటీలోనే ఉంటుంది. తెల్లారి అంకె పైకి కనబడుతుంది. దిగడానికి నెలలు పడుతుంది, ఎక్కడానికి నాలుగు రోజులు చాలు. మనం వెతికేది ఈ ఎక్కడాన్ని.

ఎంత ఎక్కుతుంది? ఇక్కడే అసలు మెలిక. 1985లో అచ్చయిన ఒక అధ్యయనంలో 20 రోజుల్లో 500 కిలోమీటర్లు పరిగెత్తిన మారథాన్ రన్నర్లకి పొద్దుటి పల్స్ సుమారు 10 పెరిగింది. అది మామూలు మనుషులు చేసే పని కాదు. మనలాంటివాళ్లం వారం రోజులు అతి చేస్తే కనబడే తేడా చాలాసార్లు నాలుగైదు దెబ్బలే. అంటే మనం కొనే పరికరమో, అనుసరించే పద్ధతో తనంతట తాను నాలుగైదు దెబ్బలు తప్పు చూపిస్తే మొత్తం వ్యవహారం గాలికి పోయినట్టే. దేన్ని ఎంచుకోవాలన్నా ముందు దీన్ని గుర్తుపెట్టుకోండి.

వేళ్లు: డబ్బు అక్కర్లేదు, ఓపిక కావాలి

చూపుడువేలు, మధ్యవేలు మణికట్టు మీద బొటనవేలి వైపు పెట్టండి. బొటనవేలితో నాడి చూడకూడదు, దానికి సొంత నాడి ఉంటుంది, రెండూ కలిసి గందరగోళం. మెడ దగ్గర అయితే ఇంకా బాగా తెలుస్తుంది గానీ ఒక పక్కే, మెత్తగా తాకాలి. గట్టిగా నొక్కితే గుండె వేగం తగ్గిపోయే అవకాశం ఉంది.

మెలకువ రాగానే లేవకుండా రెండు నిమిషాలు వెల్లకిలా పడుకోండి. బాత్రూమ్‌కి వెళ్లక తప్పకపోతే వెళ్లొచ్చి, మళ్లీ పడుకుని, మూడు నాలుగు నిమిషాలు ఆగి చూసుకోండి. ఫోన్ మాత్రం ముట్టుకోవద్దు. ఆఫీసు గ్రూపులో మేనేజర్ మెసేజ్ చూశాక వచ్చేది రెస్టింగ్ హార్ట్ రేట్ కాదు.

ఇప్పుడు లెక్క. చాలామంది 15 సెకన్లు చూసి నాలుగుతో హెచ్చవేస్తారు. అందులో ఒక్క దెబ్బ అటూ ఇటూ అయితే నిమిషానికి నాలుగు తేడా వచ్చేస్తుంది. మనం పట్టుకోవాలనుకున్న తేడాయే నాలుగైదు కదా! 30 సెకన్లయితే తప్పు రెండుకి తగ్గుతుంది, పూర్తి నిమిషమైతే ఒకటికి. కాబట్టి 60 సెకన్లూ లెక్కపెట్టాల్సిందే. సమయం మొదలైనప్పుడు పడిన దెబ్బని సున్నా అనుకోవాలి, ఒకటి అనకూడదు.

ఇంకో చిన్న చిక్కు. తెలుగులో "ముప్పై ఎనిమిది" అనుకునేలోపు ఇంకో దెబ్బ పడిపోతుంది. నిద్రమత్తులో నేను నలభైల దగ్గర దారితప్పడం అందుకే. ఇప్పుడు మెడ దగ్గర ఒక చెయ్యి పెట్టి, ఒకటి నుంచి పది దాకానే లెక్కపెడుతూ, పది అయినప్పుడల్లా రెండో చేతి వేలు ఒకటి మడుస్తాను. ఐదు వేళ్లు మడిచి ఇంకో నాలుగంటే 54. మా అమ్మమ్మ పాల లెక్క ఇలాగే చూసేది.

గ్రౌండులో ఒక కుర్రాడి నోట్‌బుక్కు చూడండి, వాణ్ణి అడిగే రాస్తున్నాను. మామూలు వారం: 54, 55, 53, 56, 54, 55, 54. సగటు 54.4. తర్వాతి వారం ఈవెంట్స్ తేదీ వచ్చిందని రోజూ 400 మీటర్ల రౌండ్లు స్పీడుగా కొట్టాడు: 55, 57, 58, 60, 61, 60, 62. సగటు 59. ఒక్కో రోజు విడిగా చూస్తే 57 అంటే ఏముంది, 60 అంటే ఏముంది అనిపిస్తుంది. రెండు వరసలు ఒకదాని కింద ఒకటి రాస్తే మెట్లెక్కినట్టు కనబడుతుంది. వాడి టైమింగ్ కూడా ఆ వారం 12 సెకన్లు వెనకబడింది, అది చూసి ఇంకా ఎక్కువ చేయబోతున్నాడు. మూడు రోజులు నడక మాత్రమే అని చెప్పాం. నాలుగో పొద్దున 56కి వచ్చింది.

పైసా ఖర్చు లేదు. దీనికున్న లోపం, మనిషి రోజూ చేయాలి. నమ్మదగ్గ పద్ధతే అయినా రెండో నెలలో చాలామంది వదిలేస్తారు.

ఆక్సీమీటర్

కోవిడ్ రోజుల్లో కొన్న ఆక్సీమీటర్ ఇంట్లో ఏదో సొరుగులో పడి ఉంటుంది. అందులో ఆక్సిజన్ పక్కన చూపించే రెండో అంకె పల్సే. లెక్క తప్పేవాళ్లకి ఇది బంగారం. పెట్టగానే వచ్చే అంకె కాకుండా ఒక నిమిషం ఉంచి, ఎక్కువసేపు నిలబడ్డ అంకె రాసుకోండి. వేళ్లు చల్లగా ఉన్నా, గోళ్లకి ముదురు రంగు పాలిష్ ఉన్నా తడబడుతుంది. అంతకు మించి చెప్పడానికేం లేదు, బ్యాటరీలు ఉన్నాయో లేదో చూసుకోండి.

వాచీ, బ్యాండు

ఇక్కడ కొంచెం ఎక్కువ మాట్లాడాలి, ఎందుకంటే డబ్బంతా ఇక్కడే పోతుంది.

వాచీ వెనక వెలిగే ఆకుపచ్చ లైటు చర్మం కింద రక్తం పొంగడం, తగ్గడం చూసి దెబ్బలు లెక్కపెడుతుంది. చెయ్యి కదలకుండా ఉంటే ఈ పద్ధతి బాగా పనిచేస్తుంది. చెయ్యి ఊపుతూ స్పీడుగా పరిగెత్తేటప్పుడే తప్పులు వస్తాయి. అంటే నిద్రలో పల్స్ చూడటానికి రెండు మూడు వేల బ్యాండు కూడా చాలావరకు పనికొస్తుంది. ఖరీదైన వాచీకి మనం ఎక్కువ కట్టేది జీపీఎస్‌కి, మ్యాపులకి, బ్యాటరీకి. పొద్దుటి పల్స్ కోసమే అయితే పెద్ద వాచీ కొనక్కర్లేదు. షాపులో ఈ మాట ఎవరూ చెప్పరు.

అయితే వాచీ చూపించే "రెస్టింగ్ హార్ట్ రేట్" అంటే ఏమిటో ఒక్కో కంపెనీది ఒక్కో లెక్క. గార్మిన్ వాచీ 24 గంటల్లో అన్నిటికన్నా తక్కువగా ఉన్న అరగంట సగటు తీసుకుంటుంది, అది దాదాపుగా నిద్రలోనే వస్తుంది. ఆపిల్ వాచీ మెలకువగా ఉండి కదలకుండా కూర్చున్న సమయాల నుంచి అంచనా వేస్తుంది. ఒకే మనిషి రెండూ పెట్టుకుంటే ఐదారు దెబ్బల తేడా రావచ్చు, రెండూ తప్పు కాదు.

నాకు ఈ సంగతి తెలియక ముందు ఒక వేడుక జరిగింది. బ్యాండు మార్చి కొత్త వాచీ పెట్టిన వారంలో నా పల్స్ 58 నుంచి 52కి దిగింది. ఆహా, ట్రైనింగ్ పని చేసిందని గ్రూపులో స్క్రీన్‌షాట్ పెట్టాను. లైకులు కూడా వచ్చాయి. ఆ ఊపులో ఆదివారం లాంగ్ రన్ 24 నుంచి 30 కిలోమీటర్లకి పెంచాను. వారం తిరక్కుండా మడమ నొప్పితో ఇంట్లో కూర్చున్నాను. నా గుండె ఎక్కడున్నది అక్కడే ఉంది, లెక్కపెట్టేవాడు మారాడు. పరికరం మారిస్తే పాత అంకెలన్నీ పక్కనపెట్టి రెండు మూడు వారాలు కొత్తగా మొదలుపెట్టాల్సిందే.

వాచీకి ఉన్న గొప్ప సుగుణం, మనం మర్చిపోయినా అది మర్చిపోదు. అమెరికా కాల్స్ కోసం రాత్రి రెండింటి దాకా మేలుకునే ఐటీ వాళ్లకి లేచే సమయమే ఒకటి ఉండదు, వాళ్లకి పొద్దున్నే వేళ్లతో చూసుకోవడం కుదిరే పని కాదు. రాత్రంతా చూసే వాచీయే దిక్కు. పైగా రాత్రి అంకె కొన్ని రహస్యాలు బయటపెడుతుంది. శనివారం రాత్రి పదకొండింటికి బిర్యానీ తిని పడుకుంటే తెల్లవారుజాము దాకా పల్స్ దిగదు. మందు తాగితే ఇంకా స్పష్టంగా తెలుస్తుంది. మా బ్యాచ్‌లో ఇద్దరు వాచీ చూశాకే మానేశారు, ఇంట్లోవాళ్లు పదేళ్లు చెప్పినా వినలేదు.

దుర్గుణం ఏమిటంటే ఆ స్కోర్లు. ఈరోజు మీ శక్తి 34 శాతం, రికవరీ 41 శాతం అని ఏదో ఒకటి చెబుతుంది. ఏ లెక్కన కట్టిందో బయటికి పూర్తిగా చెప్పదు. హాయిగా లేచినవాడు కూడా అది చూసి నీరసపడిపోతాడు. నా సలహా, స్కోరు కనబడే స్క్రీన్ తీసేయండి. ఉట్టి పల్స్ అంకె, దాని వారం గ్రాఫు చాలు. పట్టీ కాస్త బిగుతుగా, మణికట్టు ఎముకకి ఒక వేలెడు పైన పెట్టుకోండి. వదులుగా ఉన్నా, ఆ చోట ముదురు పచ్చబొట్టు ఉన్నా లెక్క తప్పుతుంది.

ఉంగరాలు కూడా ఇదే రకం. ఊరా ఉంగరం ఉంది, బెంగళూరు కంపెనీ అల్ట్రాహ్యూమన్‌ది ఉంది. నిద్రలో చేతికి బరువు తెలియదన్నది నిజమే. కానీ జిమ్‌లో బార్ పట్టుకునేవాళ్లకి, మెషీన్ల దగ్గర పనిచేసేవాళ్లకి వేలికి ఉంగరం ప్రమాదం, తీసి పెట్టి మర్చిపోతారు. పొద్దుటి పల్స్ ఒక్కదానికే అయితే డబ్బు దండగ అనే అంటాను.

ఛాతీ బెల్టు, హెచ్‌ఆర్‌వీ

ఫిన్లండ్ కంపెనీ పోలార్ 1977లో పుట్టింది, 1982లో వైర్లు లేకుండా ఛాతీ నుంచి చేతి వాచీకి గుండె వేగం పంపే మొదటి పరికరం తెచ్చింది. ఇప్పటికీ ఛాతీ బెల్టుని మించినది మనలాంటివాళ్ల చేతికి రాలేదు. అది లైటుతో కాకుండా గుండె నుంచి వచ్చే విద్యుత్ సంకేతాన్నే పట్టుకుంటుంది. లోపలి వైపు కొంచెం తడిచేసి కట్టుకోవాలి.

కానీ ఉట్టి పల్స్ కోసం పొద్దున్నే బెల్టు కట్టుకోవడం దోమని ఫిరంగితో కొట్టడమే. బెల్టు అవసరం పడేది హెచ్‌ఆర్‌వీకి, అంటే హార్ట్ రేట్ వేరియబిలిటీకి, దెబ్బకీ దెబ్బకీ మధ్య వ్యవధిలో వచ్చే హెచ్చుతగ్గులకి. పల్స్ 60 అంటే సరిగ్గా సెకనుకొక దెబ్బ అని కాదు. ఒక దెబ్బకీ ఇంకో దెబ్బకీ మధ్య 960 మిల్లీసెకన్లు, తర్వాత 1040, తర్వాత 1005, ఇలా మారుతూ ఉంటుంది. వేగస్ నరం కళ్లెం బాగా పట్టినప్పుడు ఈ హెచ్చుతగ్గులు ఎక్కువ, ఒళ్లు అలసినప్పుడు సాధారణంగా తక్కువ. పల్స్‌లో కనబడని అలసట కొన్నిసార్లు ఇందులో ముందే కనబడుతుంది.

చిక్కేమిటంటే ఇది రోజురోజుకీ విపరీతంగా ఊగుతుంది. నిన్న 62, ఇవాళ 41, రేపు 58. ఒక్క రోజు అంకె పట్టుకుని నిర్ణయం తీసుకుంటే పిచ్చెక్కుతుంది. ఏడు రోజుల సగటే చూడాలి. బెల్టు లేకుండా ఫోన్ కెమెరా మీద వేలు పెట్టి కొలిచే హెచ్‌ఆర్‌వీ4ట్రైనింగ్ లాంటి యాప్‌లున్నాయి, కదలకుండా పెడితే అవి బాగానే పనిచేస్తాయి. నేను పద్నాలుగు నెలలు బెల్టుతో చూశాను. వారానికి ఆరు రోజులు చేస్తూ, అంకె చెప్పినప్పుడు ప్లాన్ మార్చుకునే స్వేచ్ఛ ఉన్నవాళ్లకి దీని విలువ ఉంది. వారానికి మూడు రోజులు పరిగెత్తే నాలాంటివాడికి మధ్యలో ఎలాగూ విశ్రాంతి వస్తుంది, ఇంత సూక్ష్మం అక్కర్లేదని ఆపేశాను. బెల్టు మాత్రం స్పీడు ప్రాక్టీస్ రోజున ఇప్పటికీ కడతాను.

పడుకుని, లేచి నిలబడి

దీన్ని జనం పట్టించుకోరు గానీ మంచి పరీక్ష. పడుకుని ఒక నిమిషం పల్స్ చూడండి. లేచి నిలబడి, ఒక నిమిషం ఆగి, మళ్లీ చూడండి. నిలబడగానే రక్తం కాళ్లలోకి జారుతుంది కాబట్టి అందరికీ కొంత పెరుగుతుంది, 10, 15, 20, మనిషిని బట్టి. మీకు మామూలుగా 14 పెరిగేది ఈ వారం 24 పెరుగుతోందంటే ఒళ్లు సర్దుకోలేకపోతోందని, లేదా నీళ్లు చాలట్లేదని. పడుకున్నప్పటి అంకె మారకపోయినా ఈ తేడా మారడం నేను చాలాసార్లు చూశాను. ఖర్చు లేదు, నాలుగు నిమిషాల పని. వారానికి రెండుసార్లు చేసినా చాలు.

అసలు పోటీ ఎవరితో అంటే

ఇన్ని పరికరాల గురించి చెప్పి ఇప్పుడు ఈ మాట అంటే కోపం రావచ్చు. వీటన్నిటికన్నా నమ్మకమైనది "ఎలా ఉంది ఒళ్లు?" అనే ప్రశ్న.

2016లో ఆస్ట్రేలియా పరిశోధకులు 56 అధ్యయనాలను కలిపి చూశారు. ట్రైనింగ్ భారాన్ని ఆటగాడు స్వయంగా చెప్పే మాటలు (మూడ్, అలసట, నిద్ర గురించి) రక్తపరీక్షలకన్నా గుండె కొలతలకన్నా బాగా, నిలకడగా పట్టిచ్చాయని తేల్చారు. అంతకు ముందు 2008లో గుండె వేగం మీదే ఇలాంటి సమీక్ష జరిగింది. రెండు వారాల లోపు అతిగా చేసినప్పుడు పొద్దుటి పల్స్ కొంచెం పెరుగుతుంది, అంతకు మించి సాగితే ఆ పెరుగుదల కనబడదని అందులో వచ్చింది. నన్ను భయపెట్టిన సంగతి ఇదే. బాగా ముదిరిన అలసటలో అంకె మామూలుగానే, కొందరిలో ఇంకా తక్కువగా ఉండొచ్చు. 50 చూసి మురిసిపోతుంటాం, కాళ్లు మాత్రం ఈడుస్తుంటాయి. గట్టిగా పరిగెత్తినా పల్స్ ఎప్పటిలా 170కి ఎక్కకుండా 155 దగ్గరే మొరాయించడం ఈ దశలో కనిపించే ఇంకో గుర్తు. అంకె తక్కువగా ఉండి, కాళ్లు బరువుగా ఉండి, పరుగులో పల్స్ ఎక్కకపోతే దాన్ని ఫిట్‌నెస్ అనుకోకండి.

అందుకే నోట్‌బుక్కులో పల్స్ పక్కన నిద్ర ఎలా పట్టింది, కాళ్లు ఎలా ఉన్నాయి, పరిగెత్తాలని ఉందా అన్న మూడింటికీ ఐదుకి మార్కులు వేయమంటాను. దీనికి తోడు అమెరికా శాస్త్రవేత్త కార్ల్ ఫోస్టర్ ప్రచారంలోకి తెచ్చిన లెక్క ఒకటుంది. ప్రాక్టీస్ అయిన అరగంటకి "ఎంత కష్టమనిపించింది" అని సున్నా నుంచి పదికి ఒక మార్కు వేసి, దాన్ని నిమిషాలతో హెచ్చవేయాలి. గంట జాగింగ్, కష్టం 3, అంటే 180. నలభై నిమిషాల స్పీడు రౌండ్లు, కష్టం 7, అంటే 280. వారం మొత్తం కలిపితే భారం ఎంతో తెలుస్తుంది. భారం ఒళ్లు మోసేది, పల్స్ ఆ ఒంటి జవాబు. రెండూ పక్కపక్కన ఉంటేనే కథ అర్థమవుతుంది.

ప్రాక్టీస్ కాకుండా అంకెని కదిపేవి

మే నెలలో విజయవాడలో ఉండి మీ పల్స్ మూడు నాలుగు పెరిగిందంటే అది ఎండ, తగ్గిన నీళ్లు. వేసవికి వేరే సగటు కట్టుకోండి. జ్వరం ఒక డిగ్రీ సెల్సియస్ పెరిగితే పల్స్ సుమారు పది పెరుగుతుంది, జ్వరం బయటపడకముందే ఎక్కడం కూడా మామూలే. వానాకాలంలో ఒక్కసారిగా ఎనిమిది తొమ్మిది పెరిగితే నేను ప్రాక్టీస్‌ని అనుమానించను, థర్మామీటర్ వెతుకుతాను. డెంగీ తగ్గుతున్న దశలో మాత్రం నాడి ఉండాల్సిన దానికన్నా నెమ్మదిస్తుంది. పల్స్ 50కి వచ్చింది కదా అని మంచం దిగి పరుగుకి బయల్దేరవద్దు.

అమ్మాయిలకి నెలసరికి ముందు రెండు వారాలు అంకె రెండు మూడు ఎక్కువ ఉండటం సహజం. నెల మొత్తానికి ఒకే సగటు పెట్టుకుంటే ప్రతి నెలా ఉత్తుత్తి అలారం మోగుతుంది. పోయిన నెల ఇదే సమయంతో పోల్చుకోవాలి. ఇంకోటి, 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం దేశంలో 15 నుంచి 49 ఏళ్ల ఆడవాళ్లలో 57 శాతానికి రక్తహీనత ఉంది. నెలలు ప్రాక్టీస్ చేసినా పల్స్ దిగక, కొంచెం పరుగుకే ఆయాసం వస్తుంటే వాచీ కొనే ముందు హిమోగ్లోబిన్ పరీక్ష చేయించుకోండి. వాచీ ఖరీదులో పదో వంతు కూడా కాదు. థైరాయిడ్ ఎక్కువైనా పల్స్ పెరుగుతుంది, కొన్ని రకాల బీపీ మాత్రలు పల్స్‌ని తగ్గించి కూర్చోబెడతాయి. ఆ మాత్రలు వాడేవాళ్లకి ఈ పద్ధతి మొత్తం వేరే.

కూర్చున్నప్పుడే వందకు పైగా ఉండి తగ్గకపోయినా, దెబ్బలు క్రమం తప్పుతున్నట్టు అనిపించినా, ఛాతీలో నొప్పి వచ్చినా, కళ్లు తిరిగినా గ్రౌండు వదిలి డాక్టర్ దగ్గరికి వెళ్లాలి. అంకె తక్కువగా ఉండి కళ్లు తిరగడం కూడా ఇందులోకే వస్తుంది.

సరే, ఎవరికి ఏది?

ఈవెంట్స్ పిల్లలకి: వేళ్లు, నలభై పేజీల నోట్‌బుక్కు. వారానికి రెండుసార్లు పడుకుని-నిలబడి పరీక్ష. హాస్టల్ గదిలో ఆరుగురు ఉంటే అందరూ ఒకేసారి లెక్కపెట్టుకోండి, ఒకడు టైమ్ చెప్పాలి. ఇలా చేసిన గదిలో ఎవరూ మానలేదు. వాచీకి పెట్టే డబ్బుతో మంచి బూట్లు, గుడ్లు, పాలు వస్తాయి.

షిఫ్టు ఉద్యోగం, చిన్న పిల్లలు, మెలకువ వచ్చేసరికే హడావుడి ఉన్నవాళ్లకి: రాత్రిపూట పల్స్ చూసే మామూలు బ్యాండు. ఇప్పటికే చేతికి మంచి వాచీ ఉంటే అదే. కొత్తది కొనొద్దు.

లెక్క కుదరని పెద్దవాళ్లకి: సొరుగులో ఉన్న ఆక్సీమీటర్.

మారథాన్ టైమ్ కోసం వారానికి ఐదారు రోజులు కష్టపడుతూ, కోచ్ ఉండి, అంకె చూసి ప్లాన్ మార్చగలిగేవాళ్లకి: ఛాతీ బెల్టు, హెచ్‌ఆర్‌వీ. అంకె ఏం చెప్పినా కోచ్ చెప్పిందే చేస్తానంటే ఇదీ అక్కర్లేదు.

ఏది ఎంచుకున్నా మొదటి రెండు వారాలు తేలిక ప్రాక్టీస్‌లో సగటు కట్టండి. తర్వాత నేను పాటించేది చెబుతాను. ఇది నా సొంత పద్ధతి, శాసనం కాదు. ఒక్క రోజు ఐదు పెరిగితే రాసుకుని ఊరుకుంటాను. రెండో రోజూ అలాగే ఉంటే స్పీడు తీసేసి మెల్లగా పరిగెత్తుతాను. మూడో రోజూ ఉంటే నడక, తొందరగా నిద్ర. అంకె బాగుండి ఒళ్లు బాగోలేకపోతే ఒంటి మాటే వింటాను. ఒళ్లు బాగుండి అంకె బాగోలేకపోతే పరుగు మొదలుపెట్టి పది నిమిషాల తర్వాత తేల్చుకుంటాను. చాలాసార్లు ఆ పది నిమిషాల్లోనే తెలిసిపోతుంది.

ఈవెంట్స్‌కి గానీ రేసుకి గానీ చివరి మూడు రోజులు మాత్రం పల్స్ చూడటం మానేయండి. టెన్షన్‌కే ఎనిమిది పది పెరుగుతుంది, ఆ అంకెతో చేయగలిగింది ఏమీ లేదు. ఆ కుర్రాడు హాల్ టికెట్‌తో పాటు నోట్‌బుక్కు కూడా బ్యాగులో పెట్టుకుంటుంటే వాళ్ల అమ్మే తీసి బీరువాలో పెట్టింది.